అరవై ఐదో నిమిషం తర్వాత

లజ్‌హర్ మా బడికి కాపలాదారు. నేను అదే బడిలో మూడో తరగతి పంతుల్ని. ఇరవై ఆరేళ్ళు ఇద్దరం రోజూ ఒకే గేటులోంచి లోపలికీ బయటికీ తిరిగాం. పొద్దున్నే గంట కొట్టడం, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని కసురుకుంటూనే లోపలికి వదలడం, వానొస్తే కారే గదుల్లో బకెట్లు పెట్టడం ఆయన పని. సాయంత్రం నాలుగయ్యేసరికి తాళాల గుత్తి జేబులో వేసుకుని మైదానానికి వెళ్ళిపోయేవాడు. అక్కడ ఆయన వేరే మనిషి.

మా బీర్ రమాద్ చిన్న ఊరు. వెనక కొండ, ముందు రైలు పట్టాలు, మధ్యలో మేం. ఊళ్ళో చెప్పుకోదగ్గవి రెండే ఉండేవి. ఒకటి సీ షాద్లీ గారి పలుగురాయి మిల్లు, రెండోది ఫుట్‌బాల్ జట్టు. రెండింటికీ ఆయనే యజమాని అనుకోవచ్చు. ఆయన పేరు షాద్లీ, 'సీ' అన్నది మర్యాదకి మేం ముందు తగిలించేది. జట్టుకి ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. అంటే ఉత్తరాలు రాసేవాణ్ణి.

లజ్‌హర్ వయసులో ఉన్నప్పుడు పద్నాలుగేళ్ళు ఆ జట్టుకి డిఫెండరుగా ఆడాడు. అన్నేళ్ళలో కొట్టింది ఒకటే గోలు, అదీ సొంత గోల్‌పోస్టులోకి. ఈ సంగతి కొత్తవాళ్ళకి ఆయనే ముందుగా చెప్పేసేవాడు, ఇంకెవరూ చెప్పి నవ్వకుండా. ఆట మానేశాక జట్టుకి సహాయ కోచ్ అయ్యాడు. జీతం లేదు. అసలు కోచ్‌లు సముద్రం వైపు పట్నాల నుంచి సంచీ, విజిల్ పట్టుకుని వచ్చేవాళ్ళు, ఓడిపోగానే వెళ్ళిపోయేవాళ్ళు. "వాళ్ళు అల్లుళ్ళు మాష్టారూ, వస్తారు, పోతారు. నేను గడపని, తొక్కించుకుంటూ ఇక్కడే పడుంటాను" అనేవాడు.

చదవడం కూడబలుక్కుని చదివేవాడు గానీ రాయడం ఆయనకి అంతగా రాదు. అందుకని ప్రతి ఆటకీ ఒక నోటుపుస్తకంలో తనకొచ్చిన తీరులో గుర్తులు పెట్టుకునేవాడు. ఒక చతురస్రం గీస్తే అది మైదానం. గోలు ఎటునుంచి పడిందో అక్కడ ఇంటూ గుర్తు, పక్కన ఎన్నో నిమిషమో అంకె. ఎవరు తప్పు చేశారో వాళ్ళ చొక్కా నంబరు.

ఇప్పుడు మిల్లు గురించి చెప్పాలి. కొండ మీద పలుగురాళ్ళు పగలగొట్టి, దింపి, మిల్లులో పిండిలాగా మెత్తగా ఆడించి, సంచుల్లో నింపి గాజు ఫ్యాక్టరీలకి పంపేవాళ్ళు. పూర్వం మా ఆటగాళ్ళందరూ కొండ మీద ఎండలో రాళ్ళు మోసేవాళ్ళే. సాయంత్రం సాధనకి వచ్చేసరికి నడుములు పడిపోయి ఉండేవి. అది చూడలేక లజ్‌హర్ వరసగా మూడు శుక్రవారాలు సీ షాద్లీ గారి ఆఫీసుకి వెళ్ళి బతిమాలాడు. మా వాళ్ళకి నీడపట్టున పని ఇప్పించండి, సంచులు నింపే షెడ్డులో వేయండి, కాళ్ళు అలిసిపోకుండా ఉంటాయి, గెలిచి చూపిస్తాం అన్నాడు. మూడో శుక్రవారం ఆయన ఒప్పుకున్నాడు.

అది మొదలు జట్టులో చోటు దొరికితే షెడ్డులో పని దొరికినట్టే. ఊళ్ళో తల్లులు లజ్‌హర్ ఇంటికి ఆలివ్ నూనె సీసాలు పట్టుకుని వచ్చేవాళ్ళు, మా వాణ్ణి ఒక్కసారి ఆడించి చూడన్నా అని. ఆయన నూనె తిప్పి పంపేసేవాడు, పిల్లాణ్ణి మాత్రం ఆడించి చూసేవాడు. షెడ్డు నుంచి మా వాళ్ళు తలా కనుబొమలూ తెల్లగా చేసుకుని మైదానానికి వస్తే ముసలాళ్ళు ఆడుతున్నట్టుండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పిండి జట్టు అనేవాళ్ళు. మేమూ ముచ్చటగా అదే పేరు పెట్టుకున్నాం.

అలా పదేళ్ళు గడిచాయి. మొదట్లో బాగా గెలిచాం, రెండో డివిజన్‌కి వెళ్ళాం. తర్వాత తర్వాత ఎందుకో చివర్లో చేతులెత్తేయడం మొదలైంది. నేను చెబుతున్న ఏడు మరీ దిగజారి, ఆఖరి ఆట దాకా వచ్చింది. మే నెల, ఆదివారం, సొంత మైదానం. గెలవక్కర్లేదు, సమానంగా ముగించినా నిలబడతాం. ఊరు ఊరంతా వచ్చింది. చోటు లేనివాళ్ళు రైలు పెట్టెల మీదెక్కి చూశారు.

డెబ్బై ఎనిమిదో నిమిషం దాకా ఎవరికీ గోలు లేదు. అప్పుడు అవతలివాళ్ళు మా వెనక్కి పొడుగ్గా ఒక బంతి వేశారు. దాని వెంట వాళ్ళ మనిషి ఒకడు పరిగెత్తాడు, పక్కనే మా కెప్టెన్ జిలానీ పరిగెత్తాడు. జిలానీకి ఇరవై ఏడేళ్ళు, పొడగరి, మా డిఫెన్సుకి గుంజలాంటివాడు. బంతికి అతనే దగ్గర. ఆరేడు అడుగులు వేసి ఉన్నట్టుండి ఆగిపోయాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. అవతలివాడు ఒక్కడే వెళ్ళి తీరిగ్గా గోలు కొట్టాడు.

జిలానీ ఎందుకు ఆగాడని ఎవరూ అడగలేదు. అమ్ముడుపోయాడని తేల్చేశారు. మైదానంలోకి రాళ్ళు పడ్డాయి. మర్నాటికి, రాజధాని నంబరున్న కారులో ఎవడో వచ్చి కాఫీ కొట్లో జిలానీతో మాట్లాడటం చూశామని చెప్పేవాళ్ళు నలుగురు తయారయ్యారు. అతని ఇంటి గోడ మీద తారుతో 'అమ్ముడుపోయినవాడు' అని రాశారు. అతని కూతురు నా తరగతిలోనే ఉండేది. పక్కన కూర్చునే పిల్ల బల్ల మార్చుకుంది.

కోచ్ ఆట రోజు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. మూడో రోజు సీ షాద్లీ మా ఇద్దర్నీ పిలిపించాడు. సర్వసభ్య సమావేశం పదిరోజుల్లో ఉంది, జట్టు బలాలేమిటో బలహీనతలేమిటో రాసి తెండి, లజ్‌హర్ చెప్పాలి, మాష్టారు రాయాలి అన్నాడు. బయటికి పంపేటప్పుడు, జనం కెప్టెన్ మాట మీద చాలా కోపంగా ఉన్నారు, అది కూడా మనసులో పెట్టుకోండి అని చెప్పాడు.

మా ఇంటి వసారాలో కూర్చున్నాం. నా భార్య ఎర్ర టీ పెట్టి ఇచ్చింది. లజ్‌హర్ కళ్ళజోడు పెట్టుకుని నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందు మంచి రాద్దాం మాష్టారూ. చెడు ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది" అన్నాడు.

మంచి చాలానే చెప్పాడు. మనవాళ్ళు ఒకర్నొకరు ఎరిగినవాళ్ళు, కళ్ళతోనే బంతి అడుగుతారు. కార్నర్ దగ్గర జిలానీ తల దేశంలో ఎవరికీ లేదు. ఎడమవైపు ఆడే హాష్మీ తనని దాటి ఎవర్నీ పోనివ్వడు. మట్టి మైదానంలో బంతి ఎటు ఎగురుతుందో మనకి తెలిసినట్టు వచ్చినవాళ్ళకి తెలియదు. లోపాలు కూడా దాచలేదు. గోల్‌కీపర్ ఎత్తు బంతులకి ముందుకు రావడానికి జంకుతాడు. ముందు ఆడేవాడికి కుడికాలు తప్ప ఇంకో కాలుందని గుర్తుండదు. మధ్యలో ఆడే మున్సిఫ్ బంతిని వదలడు, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఇవన్నీ నేను వరసగా రాశాను.

రెండోరోజు మధ్యాహ్నం లెక్కలు తీశాం. సీజన్లో మా మీద పడ్డ గోల్స్ ముప్పై నాలుగు. లజ్‌హర్ పెట్టుకున్న అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే నేను కాగితం మీద గీతలు గీశాను. అరవై ఐదో నిమిషం లోపల పడ్డవి పదకొండు. ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాల్లో పడ్డవి ఇరవై మూడు. ప్రతి ఆటా అరవై ఐదు దగ్గర ఆపేసి ఉంటే మేం పద్నాలుగు జట్లలో మూడో స్థానంలో ఉండేవాళ్ళం. తీరా చూస్తే ఆఖరి నుంచి రెండో స్థానం.

నేను అలసట అన్నాను. లజ్‌హర్ తలాడించాడు. జనవరి నుంచీ తనకీ అదే అనుమానమట. అందుకే వారానికి మూడుసార్లు ఇసక సంచులు వీపున కట్టి వాళ్ళని కొండ ఎక్కించాడు. నాకూ గుర్తుంది. జిలానీ సగం దారిలో వాంతి చేసుకుంటుంటే ఈయన కింద నుంచి, బాలింతలా ఆ నడకేంట్రా అని అరిచేవాడు.

"హాష్మీకి ముప్పై నాలుగేళ్ళు" అన్నాడు. "పొద్దుట్నుంచీ సెలూన్లో నిలబడే ఉంటాడు. రోజుకో పెట్టె సిగరెట్లు. తొంభయ్యో నిమిషంలో కూడా పరిగెడతాడు. మున్సిఫ్‌కి ఇరవై నాలుగు, పొగ తాగడు. డెబ్బైకల్లా నడక మొదలెడతాడు. ఎందుకంటారు?"

"హాష్మీ ఆలస్యంగా వెళ్తే పెళ్ళాం తలుపు తియ్యదు. పరుగు అలవాటైపోయింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. చూపుడువేలు జట్టు పేర్ల మీద పెట్టి కిందికి జరుపుతూ వచ్చాడు. చివర్లో ఆగిపోయేవాళ్ళెవరో ఆయనకి కళ్ళకి కట్టినట్టు తెలుసు. అయిదుగురు. ఒక్కొక్కరి దగ్గర వేలు ఆపి, షెడ్డు అన్నాడు. మళ్ళీ ఆపి, షెడ్డు అన్నాడు. అయిదుగురూ షెడ్డువాళ్ళే, నాలుగేళ్ళకి పైగా అక్కడున్నవాళ్ళు. నిరుడు షెడ్డులో చేరిన ఇద్దరు మాత్రం బాగానే పరిగెడుతున్నారు. సెలూన్ మనిషి, రొట్టెల బట్టీలో పనిచేసేవాడు, చదువుకునే కుర్రాళ్ళు ఇద్దరు, వాళ్ళకేం లేదు.

నేను కలం కింద పెట్టాను. మూడేళ్ళ కిందట మా పాత గోల్‌కీపర్ ఒకడు క్షయతో పోయాడు. అతనూ షెడ్డులోనే చేసేవాడు. ఆ మాట ఇద్దరికీ ఒక్కసారే తట్టిందనుకుంటాను. టీ చల్లారిపోయింది. లజ్‌హర్ నోటుపుస్తకం మూసి లేచాడు. జిలానీ ఇంటికి పోదాం పదండి అన్నాడు.

తలుపు తీసింది జిలానీ భార్య మబ్రూకా. గోడ మీద తారు మరకలు గోకి గోకి ఆమె గోళ్ళు నల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంది గానీ రమ్మనలేదు. జిలానీ గోడకి మూడు దిళ్ళు వేసుకుని ఆనుకుని కూర్చున్నాడు. పడుకోడా అని లజ్‌హర్ అడిగితే, పడుకుంటే ఊపిరి ఆడదు, రాత్రిళ్ళు కూడా ఇలాగే అని మబ్రూకా చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాడు లజ్‌హర్.

"రెండు చలికాలాల నుంచి బాబాయ్."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆడనిస్తావా? ఆడకపోతే షెడ్డులో ఎందుకు ఉంచుతారు? రాళ్ళు మొయ్యడానికి కొండ మీదకి పంపుతారు. అది నా వల్ల కాదు."

లజ్‌హర్ జారిన దిండు అతని వీపు వెనక సర్దాడు. జిలానీయే మళ్ళీ మాట్లాడాడు, నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ.

"ఆ బంతి నాకు కనపడింది బాబాయ్. అందుతుందని కూడా తెలుసు. కాళ్ళు వెళ్తున్నాయి. గాలే రాలేదు."

రెండ్రోజుల తర్వాత ముగ్గురం షేర్ టాక్సీలో పెద్దాసుపత్రి ఉన్న పట్నం గఫ్సాకి వెళ్ళాం. ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. ఏం పని చేస్తావని జిలానీని అడిగింది. చెప్పాడు. ఎన్నేళ్ళు అంది. ఏడు అన్నాడు. మూతికి ఏం కట్టుకుంటారంది. ఏమీ లేదు, చలికాలం మఫ్లరు అన్నాడు. ఆమె అతన్ని బయట కూర్చోమని పంపి మాతో మాట్లాడింది. ఇది క్షయ కాదు, రాతి పొడి లోపల పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు, మందులతో దగ్గు తగ్గించగలను గానీ ఇది ఆపలేను అంది. అక్కడ ఇంకా ఎంతమంది పనిచేస్తున్నారని అడిగింది. లజ్‌హర్ నాకేసి చూశాడు. నేను డెబ్బై అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు జిలానీ నిద్రపోయాడు. ఊరికి మూడు కిలోమీటర్లుండగా రైలు గేటు దగ్గర లజ్‌హర్ టాక్సీ ఆపించి దిగిపోయాడు. నడిచొస్తానన్నాడు. నేనూ దిగబోతే వద్దని చెయ్యి చూపించాడు.

ఆ మర్నాడు మిగిలిన రెండు పేజీలూ చెప్పాడు, నేను రాశాను. ఇప్పటికీ నాకు మాటమాటా గుర్తున్నాయి. ఈ జట్టు బలం మొదటి గంట. దీని బలహీనత షెడ్డు. ఎవరెవరు ఎన్నేళ్ళు షెడ్డులో ఉన్నారో కింద ఉంది. అయిదుగురు ఆటగాళ్ళ ఊపిరి పాడైంది, అందులో ఒకరిని డాక్టరు చూసి చెప్పింది, మిగతా నలుగురినీ వెంటనే చూపించాలి. ఆఖరి ఆటలో కెప్టెన్ చేసిన తప్పేమీ లేదు. వాళ్ళని షెడ్డులో పెట్టించింది నేను. జబ్బుని సోమరితనం అనుకుని కొండ ఎక్కించిందీ నేనే. ఈ ఆఖరి రెండు వాక్యాలు తీసేద్దామని నేనన్నాను. ఉండనివ్వండి అన్నాడు.

సీ షాద్లీ ఆఫీసులో కూర్చుని అంతా చదివాడు. చదవడం అయ్యాక కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"పదేళ్ళ కింద ఇదే గదిలో నిలబడి నా గెడ్డం పట్టుకుని అడిగావు. గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడు నీకు తెలుసా, ఇలా అవుతుందని?"

"తెలియదు."

"నాకూ తెలియదు" అన్నాడు సీ షాద్లీ.

ఆయన కుర్చీ వెనక రెండు అట్టపెట్టెలు ఉండేవి. మిల్లు యంత్రాలు అమ్మినవాళ్ళు పంపిన మూతిగుడ్డల పెట్టెలు. మూడేళ్ళుగా వాటి మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం. పెట్టె మీద బొమ్మ కూడా ఉంది, ముక్కూ నోరూ మూసుకున్న మనిషి బొమ్మ. లజ్‌హర్ తలుపు వైపు నిలబడ్డాడు, ఆయనకి కనపడలేదు. నాకు కనపడింది. నేను నోరు విప్పలేదు.

"ఇది సభలో చదివితే మర్నాడే షెడ్డుకి తాళం వేస్తాను" అన్నాడు సీ షాద్లీ. "డెబ్బై ఇళ్ళు. వాళ్ళకి నువ్వు గంట కొట్టి అన్నం పెడతావా?"

లజ్‌హర్ ముఖం కందిపోయింది. "తాళం వెయ్యమనట్లేదు. డాక్టరుకి చూపించమంటున్నాను" అని మాత్రం అని వచ్చేశాడు.

మర్నాడు సీ షాద్లీ నన్నొక్కణ్ణే పిలిపించాడు. కూర్చోబెట్టి బాదం షర్బత్ ఇప్పించాడు. మా తమ్ముడు ఆయన లారీ నడిపేవాడు. వాడికి నలుగురు పిల్లలు. తమ్ముడు బాగున్నాడా అని అడిగాడు, అంతే. ఆ తర్వాత, నివేదిక కొంచెం పొడుగైంది మాష్టారూ, సభకి ఆట విషయాలు చాలు అన్నాడు. బెదిరించాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఆయన బెదిరించలేదు. నేనే ఇంటికొచ్చి ఆఖరి రెండు పేజీలూ తీసేసి, వాటి బదులు నాలుగు వాక్యాలు రాశాను. 'కీలక సమయంలో కెప్టెన్ బాధ్యత మరిచాడు' అన్నది అందులో ఒకటి. బడిలో పిల్లలకి దస్తూరీ నేర్పేవాణ్ణి కదా, చాలా గుండ్రంగా రాశాను.

శుక్రవారం నమాజు తర్వాత యువజన భవనంలో సభ. రెండొందల మందికి పైనే వచ్చారు. నేను నిలబడి చదివాను. బలాలు చదువుతున్నప్పుడు లజ్‌హర్ మూడో వరసలో ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. హాష్మీ పేరు వచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు. జనానికి బాగానే వినపడింది. చెప్పాం కదా అన్నట్టు గోల చేశారు.

లజ్‌హర్ లేచి నిలబడ్డాడు. నావైపు చూడలేదు. ఆయనకి సభలో మాట్లాడటం చేతకాదు. మైదానంలో అరవడమే తెలుసు, ఇక్కడ అరవకూడదని గొంతు మరీ తగ్గించేశాడు.

"నేను చెప్పింది అది కాదు. జిలానీ అమ్ముడుపోలేదు. వాడికి ఊపిరి లేదు. వాడికే కాదు, ఇంకా నలుగురికి. షెడ్డు పొడి. వాళ్ళని అందులో పెట్టమన్నది నేను. తప్పు రాయాలంటే నా పేరు రాయండి."

ఆయన ఆ నలుగురి పేర్లూ చెప్పడం మొదలుపెట్టాడు. రెండో పేరు మున్సిఫ్‌ది. వెంటనే మున్సిఫ్ అన్న లేచాడు. మా వాడికి వచ్చే నెల్లో పెళ్ళి పెట్టుకున్నాం, నలుగురిలో రోగిష్టి అంటావా, ఇంకొక్క మాటన్నావంటే పెద్దవాడివని కూడా చూడను అన్నాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళు వెనక వరసల్లో ఉన్నారు. సీ షాద్లీ మనుషులకంటే ముందు వాళ్ళే అరిచారు, కూర్చో అని. ఓడించింది చాలక పని కూడా పోగొడతావా అన్నాడొకడు. ఎవరో గంట కొట్టండిరా, బడి అయిపోయింది అంటే కొంతమంది నవ్వారు. మున్సిఫ్ అక్కడే ఉన్నాడు, తల వంచుకుని. దగ్గు ఆపుకోవడానికి పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను వేదిక మీద నుంచి చూశాను.

ఇద్దరు వచ్చి లజ్‌హర్ భుజాలు పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. ఆయన పెనుగులాడలేదు. నివేదిక చేతులెత్తి ఆమోదించారు. జిలానీని జీవితకాలం జట్టు నుంచి బహిష్కరించారు. సహాయ కోచ్ పదవి రద్దు చేశారు.

సాయంత్రం నేను లజ్‌హర్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని జట్టు తాళాలు గుత్తిలోంచి విడదీస్తున్నాడు, తిరిగి ఇచ్చేయడానికి. నేను చెప్పబోయింది వినకుండానే అడిగాడు.

"ఆ రెండు కాగితాలూ చింపేశారా?"

లేదన్నాను.

"అయితే నాకివ్వండి."

ఇచ్చేశాను. తర్వాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడాడు గానీ మా ఇంటికి టీకి రాలేదు.

ఆ కాగితాలు తీసుకుని గఫ్సా వెళ్ళి డాక్టరమ్మకి ఇచ్చాడు. ఎవరెవరు ఎన్నేళ్ళు షెడ్డులో ఉన్నారో అందులో ఉంది. ఆమె కార్మిక శాఖకి రాసింది. ఎనిమిది నెలలకి ఒక అధికారి వచ్చాడు. అతను వచ్చేముందు రోజు షెడ్డు కడిగి, అట్టపెట్టెలు తెరిచి అందరికీ మూతిగుడ్డలు పంచారు. అతను చూసి, రాసుకుని, భోజనం చేసి వెళ్ళాడు. తర్వాత షెడ్డుకి ఒక పెద్ద ఫ్యాను వచ్చింది, నెలనెలా ఎక్స్‌రే బండి రావడం మొదలైంది. మూడో నెలకి సీ షాద్లీ మిల్లు అమ్మేసి కుటుంబంతో సముద్రం ఒడ్డున ఉన్న సూస్‌కి వెళ్ళిపోయాడు. కొన్నవాళ్ళు ఏడాది నడిపి మూసేశారు. డెబ్బై ఇళ్ళలో చాలామంది లిబియాకో, సముద్రం వైపుకో పనికి పోయారు. దానికీ లజ్‌హర్‌నే తిట్టారు. మా తమ్ముడి లారీ కూడా పోయింది. వాడు నన్ను తిట్టాడు.

మున్సిఫ్ పెళ్ళి చేసుకుని లిబియా వెళ్ళాడు. అక్కడ్నించి కబురు లేదు. మిగతా ముగ్గురూ ఎక్స్‌రే తీయించుకున్నారు. ఒకతనికి అప్పుడే మొదలైందన్నారు, బట్టలకొట్టు పెట్టుకుని ఇప్పటికీ బతికే ఉన్నాడు.

జిలానీ ఆ అధికారి రాకముందే, సభ జరిగిన పై జనవరిలో పోయాడు. ఇరవై ఎనిమిది నిండి నెల. ఆ ఏడున్నర నెలలూ లజ్‌హర్ రోజూ పొద్దున బడి గంట కొట్టి, నాకు గేటు అప్పగించి వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఆక్సిజన్ సిలిండరు బస్టాండు నుంచి భుజాన మోసుకొచ్చేవాడు. మబ్రూకా మొదట్లో ఆయనతో మాట్లాడేది కాదు. నా మొగుణ్ణి షెడ్డులో పెట్టించినవాడు ఇప్పుడు సేవ చేస్తున్నాడా అని అడిగిందట ఒకసారి. అవునమ్మా అన్నాడట. ఆ తర్వాత నుంచి ఆయన వచ్చినప్పుడు ఆమె బార్లీ రొట్టె పెట్టేది. జిలానీకి ఓపిక ఉన్న రోజుల్లో ఇద్దరూ నోటుపుస్తకం ముందేసుకుని పాత ఆటలు చూసుకునేవాళ్ళు. అక్కడ నేను ఎడమకి జరగాల్సింది బాబాయ్ అనేవాడట జిలానీ. ఆయన, జరిగితే కుడివైపు తెరిచేసేవాడివిరా అనేవాడట.

సమాధుల చోటు కొండ వాలులో ఉంది. రాళ్ళు విసిరినవాళ్ళలో చాలామంది ఆ రోజు పాడె మోయడానికి వచ్చారు. మావాళ్ళ ఆచారం ప్రకారం భుజాలు మారుస్తూ మోస్తారు, పది అడుగులు మోసినా పుణ్యమే. షెడ్డులో చేసినవాళ్ళు సగం ఎక్కకముందే పక్కకి తప్పుకుని రాళ్ళ మీద కూర్చుండిపోయారు. అప్పుడు చూశాను, ఎంతమంది కూర్చున్నారో. పదమూడు మంది. లజ్‌హర్‌కి అప్పటికి అరవై ఒకటి. ముందు కుడివైపు కొమ్ము పట్టుకున్నవాడు ఎవరికీ ఇవ్వలేదు. కింద నుంచి పైదాకా ఒక్కడే మోశాడు.

మట్టి వేయడం అయ్యాక నేను పక్కన నిలబడి, అలిసిపోయావు, కూర్చో అన్నాను. చాలా నెలల తర్వాత ఆయన నా ముఖంలోకి చూసిన రోజు అదే.

"అలిసిపోలేదు మాష్టారూ" అన్నాడు. "నాకేం కాలేదు. అదే నాకు బాగాలేదు."

ఆ తర్వాత ఆయన మైదానానికి వెళ్ళలేదు. జట్టు కింది డివిజన్లో రెండేళ్ళు ఆడి ఆగిపోయింది. ఇప్పుడు ఆ మైదానంలో మంగళవారం సంత జరుగుతోంది. లజ్‌హర్ పదవీ విరమణ చేసి కూతురి దగ్గరికి వెళ్ళాడు, పక్క ఊరే. పోయిన ఏడాది చూడటానికి వెళ్ళాను. మనవడు బంతి పట్టుకొచ్చి ఆడదాం రమ్మంటే, మోకాళ్ళు నొప్పులని అబద్ధం చెప్పి పంపేశాడు.